పెన్నాలో కరెంటు కోసం డబ్బు పెట్టబోయేవాళ్లకు, కాలువ చివరి నుంచి ఒక ఉత్తరం

పెన్నా పరీవాహకంలో జలవిద్యుత్ మీద, పంప్డ్ స్టోరేజి (మిగులు కరెంటుతో నీళ్లు కొండ మీదికి తోడి, కావాల్సినప్పుడు దించి కరెంటు తీయడం) మీద పెట్టుబడి పెట్టాలనుకుంటున్న కంపెనీల వారికి, వాళ్లకు అప్పులిచ్చే బ్యాంకుల వారికి, ఆ కాగితాల మీద సంతకాలు పెట్టే ఇంధన శాఖ, జలవనరుల శాఖ అధికారులకు నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. పెన్నమ్మ సముద్రంలో కలిసే ఊటుకూరు మాకు ఏటి అవతలి ఒడ్డున ఉంటుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు నడిచి వచ్చిన నదికి ఇది ఆఖరి మజిలీ. పైన ఎవరు ఏం చేసినా, మంచైనా చెడైనా, దాని ఫలితం చివరికి మా కయ్యల్లోకే వస్తుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదే అయింది, ఓపికగా చదవండి.

మా నాన్న ముప్పై ఏళ్లు కాలువ మీద లస్కరుగా పనిచేశారు. లస్కరు అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. కాలువ వెంట నడిచి, తూములు ఎత్తి దించి, ఎవరి వంతు నీళ్లు వాళ్లకు అందేలా చూసే మనిషి. అర్ధరాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరికి పోయి, పైన రైతు మడవ తెంచుకున్నాడని తెలిస్తే అతన్ని బతిమాలో తిట్టో మళ్లీ కట్టించి, తెల్లారాక ఇంటికొచ్చేవారు. ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవారు: పొట్ట మీదున్న వరికి పది రోజులు ఆలస్యంగా ఇచ్చిన నీళ్లు ఇచ్చినట్టు కాదురా, అని. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నీళ్లు ఎన్ని అన్నది ఒక లెక్క, ఎప్పుడు అన్నది ఇంకో లెక్క. మీ పెట్టుబడి కాగితాల్లో మొదటి లెక్క కనిపిస్తుంది, రెండోది కనపడదు.

ముందే ఒకటి చెప్పేస్తాను, కరెంటు ప్రాజెక్టులకు నేను అడ్డం కాదు. మా అన్నకు రెండు రొయ్యల గుంటలున్నాయి. వనామీ వేసినవాళ్లకు తెలుసు, రాత్రి పన్నెండు దాటాక గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి రొయ్య అంతా పైకి తేలుతుంది. ఒక ఏడాది వేసవిలో సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయింది, జనరేటర్ మొండికేసింది, ఇంకో జనరేటర్ తెచ్చేలోపు ఒక గుంట మొత్తం పోయింది. ఆ ఏడాది వదిన తాళిబొట్టు గొలుసు బ్యాంకులో ఉంది. రాత్రి కరెంటు విలువ ఏంటో మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పగలు సోలార్ కరెంటు ఎక్కువై, సాయంత్రం ఆరు దాటాక కొరత పడి, ఆ పగటి కరెంటును ఎక్కడో దాచాలి కదా, దాచడానికి కొండ మీదికి నీళ్లెక్కించి రాత్రి దించడం మంచి పద్ధతే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఆ పని పెద్ద ఎత్తున చేస్తున్నారు. మన పెన్నా, దాని ఉపనదుల మీదున్న గండికోట, చిత్రావతి, మాకు నీళ్లొచ్చే సోమశిల జలాశయాలను కూడా పంప్డ్ స్టోరేజికి అనువైన చోట్లుగా రాష్ట్రం గుర్తించింది. 2022 డిసెంబర్‌లో దానికోసం ఒక పాలసీ, 2024 అక్టోబర్‌లో క్లీన్ ఎనర్జీ మొత్తానికి కలిపి ఇంకో పాలసీ వచ్చాయి. కాబట్టి ఇది రేపో ఎల్లుండో జరిగే పనే. జరగబోయేదాని గురించి సంతకాలు కాకముందే మాట్లాడుకోవాలి, అయ్యాక మాట్లాడితే మా మాట ఫైలు వెనక పేజీలో ఉండిపోతుంది.

టర్బైన్ నీళ్లు తాగదు. ఇది నిజమే, మీ ఇంజనీర్లు ఊళ్లకొచ్చినప్పుడు మొదట చెప్పేదీ ఇదే. మీదనుంచి వచ్చిన నీరు చక్రం తిప్పి కిందికి పోతుంది, ఒక్క చుక్క తగ్గదు. కానీ చక్రం తిరగాల్సిన వేళ వేరు, మడి తడవాల్సిన వేళ వేరు. ఈ రెండు వేళలు కలిసిన ఏడాది ఎవరికీ గొడవ ఉండదు. కలవని ఏడాది ఎవరి వేళ గెలుస్తుంది? ఆ ఏడాది కరెంటు వైపు వేల కోట్ల అప్పు, వడ్డీ వాయిదాలు, నలభై ఏళ్ల ఒప్పందం, కోర్టులో వాదించడానికి లాయర్లు ఉంటారు. మా వైపు నీటి సంఘం అధ్యక్షుడు ఒకాయన, ఒక వినతిపత్రం ఉంటాయి.

ఇది నా ఊహ కాదు, మన కళ్ల ముందు జరిగింది. సోమశిలకు కృష్ణా నీళ్లు ఎలా వస్తాయో ఒకసారి గుర్తు చేసుకోండి. శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడు, అక్కడినుంచి బనకచర్ల, అక్కడినుంచి నిప్పులవాగు మీదుగా కుందూ, కుందూ నుంచి పెన్నా, పెన్నా నుంచి సోమశిల, సోమశిల నుంచి కండలేరు, కండలేరు నుంచి చెన్నై దాకా. ఇంత పొడవు గొలుసుకు మొదటి లంకె శ్రీశైలం నీటిమట్టం. అక్కడ నిండు మట్టం 885 అడుగులైతే, కనీసం 854 అడుగులైనా ఉంటేనే పోతిరెడ్డిపాడులోకి చెప్పుకోదగ్గ నీళ్లు వస్తాయి. 2021 జులైలో తెలంగాణ వైపున్న శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో కరెంటు తీస్తూ నీళ్లు కిందికి వదిలేస్తుంటే మట్టం లేవడం లేదని మన రాష్ట్రం గగ్గోలు పెట్టింది, కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు ఉత్తరాలు రాసింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎవరిది తప్పు అన్న సంగతి నేను ఇక్కడ తేల్చబోవడం లేదు, దానికి ట్రిబ్యునళ్లున్నాయి. నేను చూసింది ఒక్కటే, కరెంటుకు పనికొచ్చే వేళ ఒకటి, కాలువకు పనికొచ్చే వేళ ఇంకొకటి అయినప్పుడు రెండు ప్రభుత్వాలే కొట్లాడుకున్నాయి, పోలీసులను ప్రాజెక్టుల మీద కాపలా పెట్టుకునేదాకా పోయింది. రేపు సోమశిల దగ్గర ఒకవైపు కంపెనీ, ఇంకోవైపు మా నీటి సంఘం నిలబడితే ఎలా ఉంటుందో మీరే అనుకోండి.

పైగా పంప్డ్ స్టోరేజిలో ఈ చిక్కు తలకిందులుగా వస్తుంది, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. శ్రీశైలంలో కరెంటు నీళ్లను వదలమంది. సోమశిలలో కరెంటు నీళ్లను పట్టి ఉంచమంటుంది. ఎందుకంటే కొండ మీదికి నీళ్లు తోడాలంటే కింది రిజర్వాయరులో పంపు నోటికి అందేంత మట్టం ఎప్పుడూ ఉండాలి. ఆ మట్టం తప్పితే యంత్రాలు ఆపుకోవాలి, ఆగిన ప్రతి రోజూ నష్టం. మరి సోమశిల మట్టం ఎప్పుడు పడిపోతుంది? ఏప్రిల్, మే, జూన్. ఆ నెలల్లోనే మాకు ఎడగారు, అంటే రెండో పంట నడుస్తుంటుంది, ఆ నెలల్లోనే నెల్లూరు టౌన్‌కు, పల్లెలకు తాగునీళ్లు కావాలి, ఆ నెలల్లోనే చెన్నై వాళ్లు కండలేరు వైపు చూస్తుంటారు. 1983 ఒప్పందం ప్రకారం వాళ్లకు సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు ఇవ్వాలి, అవి తాగే నీళ్లు, కాదనడానికి మనకు నోరు రాదు. ఇంతమంది గ్లాసు పట్టుకుని నిలబడ్డ చోట మీరొచ్చి, ఇంత మట్టం కిందికి దించకండి అంటే, దాని అర్థం మాకు ఆఖరి తడి ఆపమనే.

నీళ్లు ఎంత కావాలో కూడా నేను లెక్క కట్టి చూశాను, మీ మీద అన్యాయంగా మాట్లాడకూడదని. 200 మీటర్ల ఎత్తున్న కొండ మీద జలాశయం కట్టి, వెయ్యి మెగావాట్లు ఆరు గంటలు తీయాలంటే దాదాపు 0.43 టీఎంసీ నీళ్లు చాలు. సోమశిల నిండు సామర్థ్యం 78 టీఎంసీలు. అందులో ఇది అరశాతం. నిండిన ఏడాది ఇది అసలు లెక్కలోకే రాదు, ఒప్పుకుంటున్నాను. కొండ మీద నిలవున్న నీరు మన ఎండలకు ఏడాదికి మనిషి ఎత్తు దాకా ఆవిరైపోతుంది, జలాశయం ఒక చదరపు కిలోమీటరు ఉంటే సుమారు 0.07 టీఎంసీ, అంటే మా లెక్కలో నాలుగైదు వందల ఎకరాల మాగాణి నీళ్లు. అదీ పెద్దది కాదు, కాకపోతే ఆ నాలుగైదు వందల ఎకరాలు ఎప్పుడూ చివరి ఊళ్లవే అవుతాయి. మొదటిసారి నింపుకోవడం ఏ నెలలో అన్నది కూడా ముఖ్యం. నవంబర్ వరదలో నింపుకుంటే ఎవరికీ బాధ లేదు, సముద్రంలోకి పోయే నీళ్లే. పని పూర్తయింది కదా, ప్రారంభోత్సవం పెట్టుకున్నాం కదా అని మార్చిలో నింపుకుంటే మాత్రం వెన్ను మీదున్న మా వరి గింజలో పాలు ఎండిపోతాయి. ఇక రోజువారీ ఊగిసలాట చూడండి. ఆ 0.43 టీఎంసీ ఆరు గంటల్లో దిగాలంటే దాదాపు 20 వేల క్యూసెక్కుల ప్రవాహం. నిండు జలాశయంలో అది అలలా కనపడుతుంది. అడుగంటిన జలాశయంలో అక్కడ వల వేసుకునే మనుషుల పడవలు పగలు బురదలో కూరుకుపోయి రాత్రి తేలుతాయి.

పెన్నా సంగతి గంగా గోదావరుల సంగతి కాదండీ. పరీవాహకం 55 వేల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంది, చూడ్డానికి పెద్దదే. కానీ పైనున్న అనంతపురం దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదిలో చాలా నెలలు ఏట్లో ఇసుకే కనపడుతుంది. మా నెల్లూరుకు వానలు ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అదీ తుఫాను వస్తేనే. ఈ మధ్య సంవత్సరాలు వరసపెట్టి చూడండి. 2015 నవంబర్‌లో ముంచెత్తింది. 2016లో ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేశాయి. 2018లో మళ్లీ అంతే, 2019 వేసవికి చెన్నైలో బిందెకు నీళ్లు దొరకలేదు. 2020లో నివర్ తుఫాను. 2021లో చెప్పక్కర్లేదు, దాని గురించి కింద రాస్తాను. ఏడేళ్లలో రెండు కరువులు, మూడు ముంపులు. మీ ప్రాజెక్టు నివేదికల్లో, అదే డీపీఆర్‌లలో సగటు నీళ్లు అని ఒక అంకె వేస్తారు. పెన్నాలో సగటు ఏడాది అనేది మేం చూడలేదు. ఉంటే ఉప్పెన, లేకపోతే ఉపవాసం. అందుకని ఈ నదిలో నలభై ఏళ్లకు డబ్బు పెట్టేవాళ్లు సగటు ఏడాదికి కాదు, కరువు ఏడాదికీ ముంపు ఏడాదికీ ఏం చేస్తారో రాసుకుని రావాలి.

ఇప్పుడు ముంపు గురించి. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాం కొట్టుకుపోయింది. దానికి ముందు పైన పింఛా ప్రాజెక్టు గట్టు తెగింది, ఆ నీళ్లు తోడై వచ్చాయి, అన్నమయ్య గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, వచ్చిన వరద గేట్లు పంపగలిగినదానికంటే చాలా ఎక్కువ. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట మనుషులు కార్తీక మాసం తెల్లవారుజామున కొట్టుకుపోయారు. చెయ్యేరు పెన్నాలో కలుస్తుంది, పెన్నా సోమశిలకు వస్తుంది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కుల పైచిలుకు కిందికి వదలాల్సి వచ్చింది. డ్యాం కింద నీళ్లు పడేచోట ఉండే కాంక్రీటు పరుపు, ఆప్రాన్ అంటారు, అది దెబ్బతింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, చెన్నై విజయవాడ రైళ్లు ఆగిపోయాయి, హైవే తెగింది.

ఆ రాత్రి మా ఊళ్లో సైరన్ మోగలేదు. ఎవరో ఒకబ్బాయి బండి మీద వచ్చి ఏరు పొంగుతోంది లేవండి అని వీధి వీధీ అరిచాడు. మా నాన్న అప్పటికి మంచాన ఉన్నారు. ఆయన్ని నులకమంచంతో సహా మేడున్న వాళ్లింటికి మోసుకెళ్లాం. మా గేదెల్లో ఒకటి దొరకలేదు. మా అన్న గుంటల గట్లు రెండూ ఏట్లో కలిసిపోయాయి. నాన్న మేడ మీద పడుకుని, ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తారో ఎవరైనా కనుక్కోండిరా అని అడుగుతూనే ఉన్నారు. మాకు తెలియదు. సోమశిల నుంచి మా ఊరికి నీళ్లు రావడానికి కొన్ని గంటల టైం ఉంటుంది, ఆ గంటల్లో ఒక్క ఫోను వచ్చుంటే గేదె, సామాను, పాసుబుక్కులు అన్నీ మిగిలేవి. తర్వాత నెలకే, 2021 డిసెంబర్ 30 నుంచి, దేశమంతటికీ డ్యాం భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. ప్రతి పెద్ద డ్యాముకూ ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. చట్టం ఉంది, మా వీధి స్తంభానికి సైరన్ మాత్రం ఇంకా లేదు.

ఈ సంగతి పెట్టుబడిదారులకు ఎందుకంటే, మీ ప్లాంటుకు ప్రమాదం మీ గోడ లోపలినుంచి రాదు. సిక్కింలో తీస్తా మూడో దశ ప్రాజెక్టు చూడండి. 1,200 మెగావాట్లు, దాదాపు 14 వేల కోట్ల ఖర్చు, 2017లో మొదలైంది. 2023 అక్టోబర్ 4 తెల్లవారుజామున పైన ఎక్కడో దక్షిణ లొనాక్ అనే హిమానీనదం చెరువు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గరున్న డ్యాం నిమిషాల్లో కొట్టుకుపోయింది. కింద ఉన్న ఇంకో ప్రాజెక్టూ దెబ్బతింది. ప్లాంటు పక్కాగా కట్టారా లేదా అని చూసినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ చెరువు గురించి హెచ్చరికలు ఏళ్లతరబడి ఉన్నాయి, కానీ పరీవాహకం మొత్తాన్ని ఒక్క చూపులో చూసే బాధ్యత ఎవరి చేతిలోనూ లేదు. మనకు మంచుకొండలు లేవు. మనకు పింఛా ఉంది, చెయ్యేరు ఉంది, పాపాఘ్ని, సగిలేరు, కుందూ ఉన్నాయి, వాటి మీద పాత గట్లు, తుప్పు పట్టిన గేట్లు ఉన్నాయి. గండికోట మీదో సోమశిల మీదో వేల కోట్లు పెట్టే బ్యాంకు, పైన ఏ చిన్న ప్రాజెక్టు గేటుకు గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో కనుక్కోకుండా అప్పిస్తే, అది మా డిపాజిట్ల డబ్బే కదా, మా రైతుల బంగారం తాకట్టు పెట్టించుకున్నప్పుడు మీరు తులం తులం గీకి చూస్తారు కదా, ఇక్కడా అలాగే చూడండి.

కొండల గురించి ఒక మాట. నది గట్టు దగ్గర ఎత్తు తక్కువ. ఒక టీఎంసీ నీళ్లు ముప్పై మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 20 లక్షల యూనిట్లే వస్తాయి, అదే నీళ్లు 200 మీటర్ల నుంచి పడితే కోటీ ముప్పై లక్షల దాకా వస్తాయి. అందుకే మీ చూపు వెలిగొండల మీద పడింది. అక్కడ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, అడవి అంచున మేకలు కాసుకునే ఊళ్లున్నాయి, యానాదుల గుడిసెలున్నాయి. సోమశిల కట్టినప్పుడు కడప జిల్లా వైపు అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మా కయ్యల్లో పండిన ప్రతి పుట్టి వడ్లలోనూ వాళ్ల ఇళ్లున్నాయి, ఇది మేం మర్చిపోకూడదు, నేను మర్చిపోలేదు. ఇంకోసారి మనుషుల్ని లేపాల్సి వస్తే గ్రామసభ పెట్టి, తెలుగులో చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే లేపండి. పరిహారం పూర్తిగా చేతికొచ్చాకే పొక్లెయిన్ రావాలి.

కాలువల మీద చిన్న చిన్న జలవిద్యుత్ ప్లాంట్లు పెట్టేవాళ్లతో నాకు పెద్ద తగువు లేదు. నీళ్లు పారినప్పుడే వాళ్ల చక్రం తిరుగుతుంది. ఊళ్లల్లో చిన్న మొత్తాలు పోగుచేసి ఇలాంటి వాటిలో వాటాలు కొనమని అడిగేవాళ్లు వస్తే మాత్రం, ఆ కాలువకు ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్లొస్తాయో పదేళ్ల లస్కరు రిజిస్టరు చూడకుండా ఎవరూ రూపాయి ఇవ్వకండి.

ఇక నేను అడిగేవి. సోమశిల, గండికోట, చిత్రావతి, దేనికి అది విడివిడిగా అనుమతులు తెచ్చుకుంటున్నారు, నది మాత్రం ఒక్కటే. పైన రెండు చోట్ల నింపుకుని మట్టాలు పట్టి ఉంచితే కింద మూడో చోటికి ఏం వస్తుందో కలిపి లెక్క కట్టిన కాగితం ఒకటి కావాలి. కరువు ఏడాది అంకెలతో, 2016, 2018 లాంటి ఏడాదుల అంకెలతో. ఆ కాగితం తెలుగులో ఉండాలి, సంతకాలకు ముందు బయటపెట్టాలి. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, ఆలస్యమైతే బ్యాంకులు అడగాలి, అది లేకుండా అప్పు ఇవ్వం అనాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒప్పందం. సోమశిల ఏ మట్టానికి పడితే పంపులు ఆపాలో అడుగుల్లో రాయండి. ఆ మట్టం కింద తాగునీరు మొదట, మడి తర్వాత, కరెంటు ఆ తర్వాత అని రాయండి. అలా ఆగిన రోజులకు కంపెనీ ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగకూడదని కూడా అదే పేజీలో రాయండి. దీనివల్ల మీకు వచ్చే రాబడి కొంచెం తగ్గుతుంది, నాకు తెలుసు. తగ్గిన రాబడితోనే లెక్క వేసుకుని, అప్పటికీ గిట్టుబాటు అయితే రండి, మేం కొబ్బరికాయ పట్టుకుని ఎదురొస్తాం. గిట్టకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకూ మంచిది. తీస్తా ఆరో దశ కట్టుబడి సగంలో ఆగి, కట్టిన కంపెనీ దివాలా తీసి, చివరికి 2019లో ప్రభుత్వ సంస్థ తీసుకోవాల్సి వచ్చింది. అలాంటిది పెన్నాలో ఇంకోటి మాకు వద్దు, మీకూ వద్దు.

సోమశిల మీద ఆధారపడి లాభం పొందేవాళ్లు ఆ డ్యాం ఆప్రాన్‌కు, గేట్లకు, పైనున్న చిన్న ప్రాజెక్టుల గేట్లకు కూడా ప్రతి ఏడాదీ కొంత డబ్బు పెట్టాలి. నీళ్లు వదిలే ముందు సంగం నుంచి ఊటుకూరు దాకా రెండు ఒడ్ల మీదా సైరన్లు, ఫోన్లకు తెలుగులో మెసేజీ, ఇది మీ ఖర్చులో ఎంత? వెయ్యి మెగావాట్ల ప్లాంటులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు కూడా కాదు. ప్లాంటు కంట్రోల్ రూంలో మీకు నిమిషం నిమిషం మట్టం కనపడుతుంది కదా, అదే అంకె మా లస్కరు ఫోనులోనూ కనపడేలా చేయండి.

పెన్నా డెల్టా కింద 2.47 లక్షల ఎకరాలుంది. ఏటా పంటకు ముందు నీటిపారుదల సలహా మండలి (ఐఏబీ) సమావేశం పెట్టి ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో తేలుస్తారు. ఎమ్మెల్యేలు, అధికారులు, నీటి సంఘాల వాళ్లు కూర్చుంటారు, గట్టిగా అరుచుకుంటారు, చివరికి ఒక మాటకు వస్తారు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఇవి, 2024 డిసెంబర్‌లో వీటికి మళ్లీ ఎన్నికలు కూడా జరిగాయి, కాబట్టి మాట్లాడటానికి ఎన్నికైన మనుషులున్నారు. నలభై ఏళ్ల పాటు ఈ నది మట్టాన్ని మీతో పంచుకోవాల్సిన వాళ్లం మేం. ఆ సమావేశానికి కంపెనీల తరఫున, బ్యాంకుల తరఫున మీరు కూడా రండి. మీ కన్సల్టెంటును పంపొద్దు, సంతకం పెట్టే మనిషే రావాలి. ఏ నెల ఎంత మట్టం కావాలో అందరి ముందు చెప్పండి. మేం ఏ తేదీకి ఎన్ని తడులు కావాలో చెప్తాం. రెండు క్యాలెండర్లు ఒక టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూద్దాం, ఎక్కడ తగులుకుంటాయో అప్పుడే కనపడుతుంది.

సమావేశం అయ్యాక వీలుంటే మా ఊరికి రండి. నెల్లూరు నుంచి గంట కూడా పట్టదు. మా నాన్న పోయి రెండేళ్లయింది, ఆయన రాసుకున్న తూము పుస్తకాలు పదకొండు మా అటక మీద ఉన్నాయి. ఏ తేదీన ఏ తూముకు ఎన్ని అంగుళాలు వచ్చిందో, ఏ ఏడాది చివరి తడి అందలేదో అన్నీ ఉన్నాయి, కొన్ని పేజీలు వరదలో తడిసి అంటుకుపోయాయి కానీ చదవొచ్చు. అవి మీ ముందు పెడతాను. ఈ ఉత్తరానికి జవాబు అక్టోబర్‌లో నారు పోసేలోపు ఇవ్వండి.

ఇట్లు,
ఇందుకూరుపేట మండలం నుంచి
చివరి ఆయకట్టులో నాలుగు ఎకరాల రైతు, ఒక లస్కరు బిడ్డ